గార్డు పెట్టె: సముద్రం కనబడని కోస్తా లైను

(ముప్పై నాలుగేళ్లు రైళ్లలో గార్డుగా పనిచేసి, ఇప్పుడు చెన్నై పెరంబూరులో ఉంటున్న మా శీర్షిక రచయిత జవాబులు ఇవి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చెన్నై – గూడూరు – విజయవాడ దారి గురించే. మిగతావి వచ్చే నెల.)

ప్రశ్న: మా అబ్బాయి నాలుగో తరగతి. సంక్రాంతికి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఒంగోలు వెళ్తుంటే "కోస్తా లైను అన్నావుగా, సముద్రం ఏదమ్మా?" అని చెన్నై సెంట్రల్ నుంచి ఒంగోలు దాకా నా ప్రాణం తీశాడు. ఆ దారిలో సముద్రం కనిపించే చోటు నిజంగా ఉందా? – ఒక తల్లి, తిరువొత్తియూరు

మీవాడు అడిగిందాంట్లో తప్పేమీ లేదమ్మా. 1981లో చేరి 2015లో దిగిపోయేదాకా ఆ దారిలోనే తిరిగాను. బండి చివర బ్రేక్‌వ్యాన్‌లో నిలబడేవాడికి రెండు వైపులా ఖాళీయే, కావలసినంత చూడొచ్చు. అయినా అల అనేది నా కంట పడలేదు. ఉప్పుగాలి మాత్రం తగిలేది. దీపం, జెండాలు పెట్టుకునే నా గార్డు పెట్టెకి వేసిన నల్లరంగు రెండేళ్లకే పొక్కులు లేచేది.

తమాషా ఏమిటంటే, చెన్నై నుంచి విజయవాడ దాకా ఉన్న 431 కిలోమీటర్లలో రైలు సముద్రానికి బాగా దగ్గరగా పోయేది మీ ఊరి మీదుగానే. తిరువొత్తియూరు నుంచి ఎన్నూరు దాకా కుడివైపు సముద్రం ఉంది గానీ ఇళ్లు, ఫ్యాక్టరీ గోడలు అడ్డం. ఎన్నూరు స్టేషన్ దాటాక ఒక వంతెన వస్తుంది. ఈసారి వాణ్ణి కుడివైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. కింద ఉండేది కొసస్థలైయారు. అక్కడికి వచ్చేసరికి అది ఏరు కాదు, ఉప్పుటేరు. పోటు వేళ నీళ్లు సముద్రం వైపు నుంచి లోపలికి నడుస్తుంటాయి. సముద్రం రైలుకి చూపించే ముఖం అంతే.

ఇంకో చోటు సూళ్లూరుపేట, దొరవారిసత్రం మధ్య. తూర్పున పులికాట్ సరస్సు ఉంది. సంక్రాంతి రోజుల్లో వెళ్లారు కాబట్టి నేలపట్టు పక్షుల కేంద్రంలో చెట్ల మీద గూడు కట్టే గూడబాతులు ఆకాశంలో తిరుగుతూ కనబడే ఉంటాయి. కొంగలనుకుని వదిలేసి ఉంటారు. ముక్కు కింద సంచి వేలాడుతుందో లేదో చూడమనండి. మీరు ఒంగోల్లో దిగిపోయారు గానీ, ఇంకాస్త ముందుకు పోతే చినగంజాం దగ్గర ఉప్పు మడులు కనబడేవి. అదీ సముద్రమే, ఎండబెట్టిన సముద్రం.

ఇంతకీ లైను ఎందుకు దూరంగా వేశారంటారా? ఏరు సముద్రం దగ్గరికి వచ్చేసరికి కుచ్చెళ్లు విప్పిన చీరలా పరుచుకుంటుంది. అక్కడ వంతెన కట్టాలంటే పొడుగు ఎక్కువ, కింద అంతా ఇసుక. కొన్ని మైళ్లు పైకి పోతే అదే ఏరు గట్ల మధ్య ఒద్దికగా ఉంటుంది. ఈ దారిలో ఏళ్లు తక్కువా? పొన్నేరి దగ్గర ఆరణియారు, సూళ్లూరుపేటలో కాళంగి, నాయుడుపేటలో స్వర్ణముఖి, నెల్లూరులో పెన్న, సింగరాయకొండ దగ్గర మన్నేరు, ఒంగోలు దాటాక గుండ్లకమ్మ. అన్నింటినీ అడ్డంగా దాటాల్సిందే. పైగా నెల్లూరు, ఒంగోలు లాంటి పెద్ద ఊళ్లు రోడ్డు పట్టున లోపలే ఉన్నాయి. వాటిని వదిలి ఇసుకలో రైలు నడిపి ఎవర్ని ఎక్కించుకుంటారు?

సముద్రం మీద రైలు ఎక్కాలని మీవాడు పట్టుబడితే రామేశ్వరం తీసుకెళ్లండి. పాంబన్ దగ్గర 1914 నాటి వంతెన పక్కనే కొత్తది 2025లో తెరిచారు.

ప్రశ్న: మాది సూళ్లూరుపేట. షోలింగనల్లూరులో ఉద్యోగం. విజయవాడ వందే భారత్ మా ఊళ్లో ఆగకపోతే పోనీ, మా ఊరి మీదుగా పోవడం కూడా ఎప్పుడూ చూడలేదు. ఏమిటి సంగతి? – ఒక ఐటీ ఉద్యోగి

పోతే కదా బాబూ చూడ్డానికి. 2023 సెప్టెంబరులో మొదలైన ఆ బండి గూడూరు దగ్గర కోస్తా లైను వదిలేసి రేణిగుంట మీదుగా చెన్నై వస్తుంది. తిరుపతి వాళ్ల కోసం ఆ ఏర్పాటు. దాంతో ఎనభై కిలోమీటర్లకు పైగా చుట్టు తిరుగుతుంది. వేగం ఎక్కువ కాబట్టి ఆ చుట్టు తిరిగి కూడా పినాకినితో ఇంచుమించు సమానంగా చేరుతుంది. తిరుపతి వాళ్లకి మేలే, కాదనను. మీ ఊరికి మాత్రం దాని గాలి కూడా తగలదు.

ఈ లైను మీద పోయే పెద్ద బళ్లు చాలావరకు మనవి కావు. జీటీ (గ్రాండ్ ట్రంక్), తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఢిల్లీవి. కోరమాండల్, హౌరా మెయిల్ కలకత్తావి. మన మధ్య ఊళ్లు వాటికి దారిలో తగిలే స్తంభాలు. మనం మనవని చెప్పుకోగలిగినవి పినాకిని, జనశతాబ్ది, కాకినాడ పోయే సర్కారు, అలాంటివి కొన్ని. 1992లో వచ్చిన పినాకిని మీద నాకు పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను. పొద్దున్నే బెజవాడలో బయల్దేరి మధ్యాహ్నానికి సెంట్రల్ చేరుతుంది, మళ్లీ రాత్రికి బెజవాడ. పేరు చూడండి, పెన్నానది పేరు. ఊరి పేర్లు రెండు కలిపి అంటించిన బళ్ల కన్నా ఆ పిలుపే వేరు.

ప్రశ్న: మా ముత్తాత 1890ల్లో కావలి నుంచి పడవలో మద్రాసు వచ్చి సౌకారుపేటలో కొట్టు పెట్టాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. అప్పటికే మద్రాసుకి రైలుంది కదా, పడవెందుకు ఎక్కినట్టు? కల్పించి చెప్పారా? – ఒక పెద్దాయన, సౌకారుపేట

కల్పన కాదండీ. మీ ముత్తాతగారి నాటికి కావలి నుంచి మద్రాసుకి నేరుగా రైలు లేదు.

రాయపురం స్టేషన్ నుంచి మొదటి రైలు బయల్దేరింది 1856 జులై 1న. ప్రయాణికుల రైళ్లలో దక్షిణాదికి అదే మొదటిది. అయితే అది పోయింది పడమటికి, ఆర్కాటు వైపు. ఆ తరువాత కూడా మద్రాసు రైలు చూపంతా బొంబాయి వైపు, మలబారు వైపు. ఉత్తరాన తెలుగు జిల్లాల వైపు తిరిగి చూడ్డానికి చాలా కాలం పట్టింది. కటకం నుంచి బెజవాడ దాకా లైను 1893 – 1896 మధ్య తెరిచారు. బెజవాడనీ మద్రాసునీ కలిపింది 1899లో. అంటే మద్రాసులో రైలు కూత వినబడ్డ నలభై మూడేళ్లకు గానీ బెజవాడ నుంచి నేరుగా ఇక్కడికి రైలెక్కే యోగం పట్టలేదు. మరుసటి ఏడే, 1900లో, గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచారు. దాంతో కలకత్తా దారీ కుదిరింది.

ఎందుకంత ఆలస్యం అంటే, నా లెక్కలో జవాబు ఆ పడవలోనే ఉంది. తీరం పొడుగునా అప్పటికే బకింగ్‌హామ్ కాలువ ఉంది. దాని మొదటి ముక్క మద్రాసు నుంచి ఎన్నూరు దాకా 1806లో తవ్వారు. తరువాత కొంచెం కొంచెంగా ఉత్తరానికి పాకింది. 1876 – 78లో ధాత కరువు వచ్చినప్పుడు కూలి కోసం వచ్చిన జనం చేత మద్రాసు ఊళ్లోనే కూవం నదికీ అడయారుకీ మధ్య ముక్క తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు కాలువకి పెట్టారు. తవ్విన చేతుల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఆ కాలువ మీద బియ్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు, సున్నపు గుల్ల అన్నీ మద్రాసు వచ్చేవి. ఇంత సరుకు నీటి మీద చవగ్గా వస్తుంటే ఇనప దారికి డబ్బు పెట్టడానికి ఎవరు తొందరపడతారు?

రైలొచ్చాక పడవ ఒక్కసారిగా పోలేదు, మెల్లమెల్లగా సన్నగిల్లింది. 1960ల్లో, 70ల్లో వచ్చిన తుపాన్లు కాలువ గట్లు పాడుచేశాక ఇక ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు చెన్నైలో దాని పక్కన నడిస్తే ముక్కు మూసుకోవాలి. మీరు రోజూ వినే బేసిన్ బ్రిడ్జి పేరు ఆ కాలువదే. పడవలు వచ్చి ఆగే బేసిన్ మీద కట్టిన వంతెన. మీ ముత్తాతగారి పడవ కూడా అక్కడే ఆగి ఉండొచ్చు. సౌకారుపేటకి అక్కడి నుంచి నడిచిపోయేంత దూరమే.

లైను చేతులు మారిన కథ క్లుప్తంగా చెబుతాను. 1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే కలిసి ఎం.ఎస్.ఎం. (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా) అయ్యాయి. మా నాన్న తరం వాళ్లు చివరిదాకా ఎమ్మెస్సెమ్మనే అనేవారు. 1951లో దక్షిణ రైల్వే, 1966లో సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే. గూడూరు దగ్గర ఈ రెండింటికీ సరిహద్దు పెట్టారు. రాష్ట్రాల సరిహద్దు ఆరంబాకానికీ తడకీ మధ్య అయితే, రైల్వే సరిహద్దు దానికి ఎంతో ముందుకు వెళ్లి గూడూరులో పడింది. అందుకే తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట ఆంధ్రలో ఉన్నా చెన్నై డివిజన్ కిందే ఉన్నాయి. మా చెన్నై గూడ్సు గార్డులం గూడూరులో దిగి, రన్నింగ్ రూములో, అంటే సిబ్బంది విశ్రాంతి గదిలో పడుకుని వెనక్కి తిరగాలి. నెల్లూరు దీపాలు అంత దగ్గర. మా పెద్దమ్మ ఇల్లు అక్కడే. అన్నేళ్లలో డ్యూటీ మీద ఒక్కసారి కూడా ఆ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టలేదు.

ప్రశ్న: మా అమ్మకి డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. మీంజూరు నుంచి నాయుడుపేటకి రిజర్వేషన్ లేకుండా, బస్సు ఎక్కించకుండా ఎలా తీసుకెళ్లాలి? – ఒక పాఠకురాలు, మీంజూరు

అమ్మా, ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మీ ఊళ్లో ఆగేవి రెండు రకాలు. ఒకటి లోకల్, అంటే ఈఎంయూ. చాలావరకు గుమ్మిడిపూండిలో ఆగిపోతాయి, కొన్నే సూళ్లూరుపేట దాకా పోతాయి. వాటిలో టాయిలెట్ ఉండదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇది తెలియక అవస్థ పడతారు. రెండోది మెము. చూడ్డానికి లోకల్ లాగే ఉంటుంది గానీ దూరం పోయే బండి, టాయిలెట్ ఉంటుంది. నెల్లూరు వైపు పోయే మెము చూసుకుని ఎక్కండి, నాయుడుపేటలో నేరుగా దిగొచ్చు. సూళ్లూరుపేటలో మారే పని పెట్టుకోకండి. అక్కడ ప్లాట్‌ఫారం మారాల్సి వస్తే ఆ మోకాళ్లతో అవస్థే.

సెంట్రల్ వెళ్లి ఎక్కితే సీటు దొరుకుతుందనుకుంటే, లోకళ్లు పెద్ద స్టేషన్ లోపలి నుంచి బయల్దేరవు. పక్కనే ఉన్న మూర్‌మార్కెట్ కాంప్లెక్సు నుంచి. 1985లో కాలిపోయిన పాత మూర్‌మార్కెట్ స్థలంలో కట్టిందే అది. పాత పుస్తకాల కోసం మా చిన్నప్పుడు తిరిగిన చోట ఇప్పుడు టికెట్ క్యూ. మెము ఎటునుంచి బయల్దేరుతుందో మాత్రం ఆ రోజు ఎంక్వయిరీలో అడిగి వెళ్లండి.

పొద్దున ఉత్తరానికి పోయే బళ్లలో షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) ఉద్యోగులు, గుమ్మిడిపూండి ఫ్యాక్టరీల వాళ్లు కిక్కిరిసి ఉంటారు. ఆ రద్దీ తగ్గాక బయల్దేరండి. జనం మంచివాళ్లే, పెద్దావిణ్ణి చూస్తే లేచి చోటిస్తారు. ఎక్కే గుమ్మం దగ్గర తోపులాటే భయం.

ప్రశ్న: ఊరి నుంచి నాలుగు గంటలు గాలిలా వచ్చిన బండి బేసిన్ బ్రిడ్జి దగ్గర అరగంట నిలబడుతుంది. సెంట్రల్ కళ్లముందు కనబడుతుంటే టెన్షన్ పెరిగిపోతుంది. ఎందుకలా? – ఒక పాఠకుడు, వ్యాసర్పాడి

మీరున్నది అక్కడే కదండీ, దిగి ఇంటికి నడిచిపోవాలనిపిస్తుంది. దయచేసి దిగకండి. అలా దిగి పక్క లైను మీద వచ్చే బండిని చూసుకోని వాళ్లను నేను చూశాను.

కారణం సీసా మెడ లాంటిది. గూడూరు నుంచి వచ్చే లైను, అరక్కోణం నుంచి వచ్చే లైను అక్కడే కలుస్తాయి. సెంట్రల్ చూస్తే బళ్లు అవతలికి దాటిపోయే స్టేషన్ కాదు, లైన్లు అక్కడే ఆఖరు. వచ్చిన ప్రతి బండీ మళ్లీ వెనక్కే పోవాలి. ఖాళీ పెట్టెలు కడగడానికి బేసిన్ బ్రిడ్జి యార్డుకి పోవాలి, కడిగినవి రావాలి. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా మీ బండి బయటే. 2022లో చెన్నై – గూడూరు మధ్య వేగం గంటకు 130 కిలోమీటర్లకు పెంచారు. గుమ్మం సన్నగా ఉన్నప్పుడు ఎంత పరుగెత్తుకొచ్చినా బయట నిలబడాల్సిందే.

ప్రశ్న: తుపాను వస్తే ఈ లైను మీద రైళ్లు ఎలా నడుపుతారు? మీరెప్పుడైనా చిక్కుకున్నారా? – ఇంజినీరింగ్ విద్యార్థి, ఆవడి

తొంభైల్లో ఒక నవంబరు. ఖాళీ వ్యాగన్ల గూడ్సు, గూడూరు పోవాలి. చెన్నైలో బయల్దేరినప్పుడు చినుకులే. సూళ్లూరుపేట దాటేసరికి వాన అడ్డంగా కొడుతోంది. దొరవారిసత్రానికి ముందు సిగ్నల్ ఎర్రగా ఉంది, ఆగాం. రాత్రి పదకొండు. బ్రేక్‌వ్యాన్‌లో నేనూ, గార్డు పెట్టె, ఒక చేతి దీపం. ఇంజను అరకిలోమీటరు ముందు. వాకీటాకీలో డ్రైవరు మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. వెనక టెయిల్ ల్యాంప్ వెలుగుతోందో లేదో పది నిమిషాలకోసారి తల బయటపెట్టి చూడ్డమే పని.

ఒంటిగంట దాటాక ముందు వైపు నుంచి పట్టాల పక్కన చిన్న వెలుగు ఊగుతూ వచ్చింది. పెట్రోలింగ్ గ్యాంగ్‌మన్. నెత్తిన గోనెసంచి కప్పుకున్నాడు, మోకాళ్ల దాకా బురద. అలాంటి రాత్రుల్లో వాళ్లు రెండు స్టేషన్ల మధ్య నడుస్తూనే ఉంటారు, కట్ట కోసుకుపోయిందా, వంతెన కింద నీళ్లెంత ఉన్నాయి అని చూస్తూ. పైకి రమ్మన్నాను. మెట్టు మీద కూర్చున్నాడు గానీ లోపలికి రాలేదు, తడి అవుతుందట! ఫ్లాస్కులో టీ పోసిస్తే మూతతోనే తాగాడు.

"నీళ్లెక్కడున్నాయి?" అని అడిగాను.

"గీతకి జానెడు కింద సార్. ఇందాక మూరెడు ఉన్నింది."

వంతెన స్తంభాల మీద ఎర్ర రంగు పట్టీ ఒకటి ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. ప్రమాద మట్టం అది. నీళ్లు దాన్ని తాకితే బండి వంతెన ఎక్కకూడదు. ఆ రాత్రి మా ముందున్న చిన్న వంతెన మాట అతను చెప్పింది. టీ తాగి, దీపం తుడుచుకుని మళ్లీ అటే వెళ్లిపోయాడు. పేరు అడగలేదు నేను. తెల్లారాక నీళ్లు తగ్గాయని కబురొచ్చి, నడక వేగంతో దాటించారు. నేను వంగి చూశాను. పట్టీ కింద బురద అంటిన మచ్చకీ పట్టీకీ మధ్య రెండు వేళ్ల సందు.

ఎప్పుడూ అంత అదృష్టం ఉండదు. 2021 నవంబరులో పెన్నకి వరద వచ్చినప్పుడు నెల్లూరు అవతల పడుగుపాడు దగ్గర నీళ్లు లైను మీదికే వచ్చాయి, బళ్లు వరసగా రద్దయ్యాయి. నేను అప్పటికి రిటైరై టీవీలో చూస్తున్నాను. కంకర మీద నీళ్లు పారుతుంటే కూర్చోలేకపోయాను. మా ఆవిడ టీవీ కట్టేసింది.

ఇంజినీరింగ్ చదువుతున్నావు కాబట్టి ఒక పని చెబుతాను నాయనా. ఈసారి గూడూరు వైపు వెళ్లినప్పుడు పెద్ద వంతెనలు కాదు, పేరు లేని చిన్న తూములు లెక్కపెట్టు. పడమటి పొలాల నీళ్లు పులికాట్‌కి పోవాలంటే మన రైలు కట్టే అడ్డం. వాటికి ఆ తూములే దారి.

ప్రశ్న: మీరు పుట్టింది బిట్రగుంట అని ఒకసారి రాశారు. మా అత్తగారిదీ ఆ ఊరే. అక్కడ అంత పెద్ద రైల్వే కాలనీ ఎందుకుందో ఆవిడకీ తెలీదట. – ఒక పాఠకురాలు, అన్నానగర్

మ్యాపు మీద స్కేలు పెట్టి చూడండి. మద్రాసుకీ బెజవాడకీ ఇంచుమించు నడిమధ్య బిట్రగుంట. ఆవిరి ఇంజను ఒక్క ఊపున అంత దూరం లాగలేదు. బొగ్గు, నీళ్లు కావాలి, బూడిద దులపాలి. అందుకే అక్కడ లోకో షెడ్డు, దాని కోసం కాలనీ. మా నాన్న ఆ షెడ్డులో ఫిట్టరు. సైరన్ మోగితే ఊరంతా గడియారాలు సరిచేసుకునేది. 1980 ప్రాంతంలో ఈ లైనుకి కరెంటు వచ్చింది. కరెంటు ఇంజనుకి దాహం వేయదు కదా, బిట్రగుంటలో ఆగే పని లేకపోయింది. షెడ్డు పోయింది. చెన్నై నుంచి వచ్చే బిట్రగుంట బండి మాత్రం ఇప్పటికీ ఉంది.

మీ అత్తగారు కాలనీలో ఏ వరసలో ఉండేవారో అడిగి రాయండి. మాది షెడ్డు వైపు చివరి వరస, వేపచెట్టు ఇల్లు. ఆవిడకి గుర్తుండొచ్చు.